మొదటి నమూనా

విశ్వపతి ప్రయోగశాలలో దేవుడి పటం లేదు. అది ఉండవలసిన చోట, తూర్పు గోడ మీద, అద్దం బిగించిన ఒక గీత ఉంది. ఎడమ అంచు నుంచి బల్లపరుపుగా వచ్చి, నడుమ చిన్న గుట్టలా లేచి, శిఖరం చేరబోతూ ఎవరో మెడ పట్టి వంచినట్టు కుంగి, మళ్ళీ నేలకు అంటుకుపోయే నల్లని గీత. కొత్తగా చేరిన విద్యార్థులకు అతడు మొదట చూపించేది దాన్నే. నాలుక దాకా వచ్చి వెనక్కి మళ్ళిన మాట ఇలా ఉంటుందనీ, ఇంత నిర్మలమైన నమూనా మరెక్కడా దొరకలేదనీ చెప్పేవాడు. ఆ మాట ఏమిటని ఎవరైనా అడిగితే, తనకూ తెలియదనీ, తెలుసుకోబోననీ బదులిచ్చేవాడు. తెలుసుకోకపోవడం అతడికి ఒక వ్రతం.

ఆ మాట అతడి భార్య హైమవతిది.

హైమవతి ఉద్యోగమున్నంత కాలం విశాఖపట్నం బస్టాండులో ప్రకటనలు చదివింది. ‘దయచేసి వినండి’ అని ఆమె అంటే పల్లీలమ్మేవాడు సైతం అరుపు ఆపేవాడు. పాడేరు బస్సు ఆలస్యమైనా, రాజాం బస్సు రద్దయినా ఆ గొంతులో వింటే కోపం రాదని జనం చెప్పుకునేవారు. తర్వాత ఆ గొంతులో పుండు లేచింది. వైద్యులు స్వరపేటికను తీసివేసి ప్రాణాన్ని మిగిల్చారు. మెడ మీద గాలి పీల్చే రంధ్రం, ఒళ్ళో పలక, వేళ్ళకు సుద్ద. ఆమె రాసి ముగించేలోగా ఇంట్లోవాళ్ళ సంభాషణ మరో సందులోకి తిరిగిపోయేది. రాసినదాన్ని ఎవరూ చూడకముందే తానే చెంగుతో తుడిచేసుకునేది.

నాడీ సంకేతాల మీద జీవితమంతా పనిచేసిన భర్తకు ఇది సహించరానిదిగా తోచింది. మాట పోలేదు, దారి మాత్రమే తెగిందని అతడి వాదం. మెదడు ఆజ్ఞలు పంపడం మానలేదు. మెడలో మిగిలిన కండరాలు సన్నగా అదురుతూనే ఉన్నాయి. ఆ అదురును పట్టుకుని, బస్టాండు వారి దగ్గర మిగిలిన పాత రికార్డుల్లోని గొంతును దానికి తొడిగితే చాలు. అలా మెడకు చుట్టుకునే మెత్తని పట్టీ ఒకటి తయారైంది. దానికి ‘పలుకు’ అని పేరు పెట్టాడు.

ముందు తన మెడకే కట్టుకుని చూశాడు. ఆ సమయానికే విభాగాధిపతి గదిలోకి వచ్చాడు. విశ్వపతి లేచి వినయంగా నమస్కరించాడు. పట్టీ మాత్రం, “వచ్చాడు శనిగాడు” అంది.

విభాగాధిపతి ఆ ఏడాదంతా అతడితో ముక్తసరిగానే మాట్లాడాడు. యంత్రానికి మాట నేర్పడం కన్నా మౌనం నేర్పడం కష్టమని విశ్వపతికి తెలిసివచ్చింది. అనబోయే మాటకూ, అనకుండా మింగిన మాటకూ నాడుల్లో పుట్టుక ఒక్కటే. చివరి వంపులోనే తేడా. ఆ వంపును యంత్రం గుర్తుపట్టాలంటే మింగిన మాటలు కుప్పలుగా కావాలి. వాటిని దానం చేసేవారెవరు? ఎవరి కడుపులో దాచుకున్నది వారికి ముద్దు. విద్యార్థులను అడిగితే నవ్వి తప్పుకున్నారు.

చివరికి ఒక ఉదయం హైమవతిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. పట్టీ కట్టి, వేలికి మీట ఉన్న ఉంగరం తొడిగి, పని వివరించాడు. అందామనుకుని ఊరుకున్న ప్రతిసారీ బొటనవేలితో ఉంగరం నొక్కాలి. అంతే.

“ఇవన్నీ యంత్రంలో దాచుకుంటాను, హైమా. నేను కూడా వినను. మన గోడ దాటదు. నీకు ఇష్టమేనా?”

హైమవతి తల ఊపింది. ఆ క్షణంలోనే తెర మీద గీత లేచి, వంగి, కుంగింది. పక్కనే ఉంగరం గుర్తు వెలిగింది. విశ్వపతి తెర ముందు నుంచి కదలకుండా చిన్నపిల్లవాడిలా చప్పట్లు కొట్టాడు. మొదటి ప్రశ్నకే మొదటి నమూనా.

ఆ తర్వాత ఆమె వంటింట్లో, పెరట్లో, చుట్టాల మధ్య, వైద్యుల ముందు, మెలకువగా ఉన్నంతసేపూ ఆ పట్టీతో తిరిగింది. ఉంగరం నొక్కీ నొక్కీ బొటనవేలు కాయలు కాచింది. నర్సుగా పనిచేసే కూతురు మృణాళిని రోజూ తల్లి మెడ శుభ్రం చేసి కట్టు మార్చేది. అప్పుడు కూడా ఆ వేలు కదులుతూనే ఉండేది. చాలాకాలం తర్వాత ఒక మధ్యాహ్నం, భర్తకు క్యారేజీ తీసుకుని ప్రయోగశాలకు వచ్చిన హైమవతి, విద్యార్థులందరినీ ఒకసారి కలియజూసి, తన పాత గొంతుతో, “దయచేసి వినండి. పప్పుచారు చల్లారిపోతోంది” అంది. అనకూడనిది ఒక్కటి కూడా పట్టీ బయటపెట్టలేదు. ఆ రోజు మృణాళిని తల్లి ఒళ్ళో తలపెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

విశ్వపతి తన కోడ్‌ను లోకానికి ఇచ్చేశాడు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. అది అతడి మతం. గాలికీ లెక్కల సూత్రాలకీ యజమానులు ఉండరనేవాడు. అప్పుడే వజ్రనాభ్ సిస్టమ్స్ అనే పెద్ద సంస్థ అతడిని వెతుక్కుంటూ వచ్చింది. సంస్థ తరఫున వచ్చింది అతడి పాత శిష్యురాలు ఉత్పల. పలుకును నానా భాషల్లోకి, నానా రకాల గొంతుల్లోకి విస్తరించాలంటే కావలసిన మహాయంత్రాలు తమ దగ్గర ఉన్నాయంది. విశ్వపతి సంతకం పెట్టాడు. నమూనాలన్నీ వజ్రనాభ్ యంత్రాల్లోకి వెళ్ళాయి. గోడ దాటడం గురించి అతడికి చింత కలగలేదు. అవి అంకెలు. బియ్యపు బస్తా విప్పి చూసినవాడికి అన్నం రుచి తెలుస్తుందా?

పట్టీలు ఊరూరా ఆసుపత్రులకు చేరాయి. ప్రతి పెట్టె మీదా వజ్రనాభ్ ముద్రగా ఆ గీతే ఉంది, బంగారు రంగులో. కోడ్ అంతా ఇంటర్నెట్‌లో పెట్టి, తమది ఓపెన్ సోర్స్ అని చాటుకున్నారు. అందులో అబద్ధం లేదు. అలాగని నిజమూ లేదు. కోడ్ పిల్లవాడి జాతకమైతే, నమూనాలతో తర్ఫీదు పొందిన మోడల్ చదువుకుని వచ్చిన పిల్లవాడు. వజ్రనాభ్ పిల్లవాడి జాతకం అందరికీ పంచిపెట్టి, పిల్లవాడిని తన ఇంట్లో తాళం వేసి ఉంచుకుంది. ఊళ్ళో కుర్రాళ్ళు కోడ్‌ను బాగుచేసి పంపితే దండం పెట్టి తీసుకుంది. కొంతకాలానికి షరతులు మార్చి, తనతో పోటీపడేవారు ఆ కోడ్‌ను కూడా వాడరాదంది.

విశ్వపతికి ఇది తెలిసింది ఎర్రయ్య వల్ల. ఎర్రయ్య చేపల రేవులో వేలంపాట పాడేవాడు. గొంతు తీసేసిన తర్వాత పట్టీతోనే పాడుతున్నాడు. అతడి పట్టీ ఒకనాడు మూగపోయింది. పాత రకం పట్టీలకు ఇక మోడల్ పంపబోమని సంస్థ ప్రకటించింది. భార్య నూకాలమ్మ అతడిని వెంటబెట్టుకుని ప్రయోగశాలకు వచ్చింది.

“మా ముసిలోడి గొంతుకకి ఆలెవరో తాళం ఏసేసినారంట. తీసియ్యండి బాబూ.”

విశ్వపతి పట్టీ విప్పి, రోజంతా కుస్తీపట్టి, తీయలేకపోయాడు. తాను చేసినదే తన మాట వినలేదు. నూకాలమ్మ దాన్ని కొంగులో ముడివేసుకుంటూ, “మీరు సేసిన బొమ్మేనా బాబూ ఇది? మరి మిమ్మల్ని గుర్తుపట్టదేటి?” అని వెళ్ళిపోయింది.

ఆ మాట ముల్లులా దిగింది. ఏది ఓపెన్ సోర్స్, ఏది కాదు అని తేల్చే నిర్వచన మండలి ఒకటి ఉండేది. దానికి అతడు లేఖ మీద లేఖ రాశాడు. ఆవకాయ ఎలా పెట్టాలో కాగితం మీద రాసిచ్చి మామిడి తోటకు ముళ్ళకంచె వేసుకున్నవాడు దాత కాడన్నాడు. చివరకు నిర్వచనాన్ని తానే రాశాడు, ఒక్క అక్షరం సందు లేకుండా. కోడ్ తెరవాలి. మోడల్ తెరవాలి. ఆ మోడల్‌కు శిక్షణ ఇచ్చిన ప్రతి నమూనా తెరవాలి. వజ్రనాభ్ ఒకసారి షరతులు మార్చిన సంగతి గుర్తుంచుకుని, ఒకసారి తెరిచినదాన్ని ఎవరూ, దాని కర్తతో సహా, తిరిగి మూయరాదని కూడా చేర్చాడు. ఈ నిర్వచనానికి లోబడిన పట్టీలనే కొంటామని ఆరోగ్యశాఖ సూచనప్రాయంగా చెప్పడంతో వజ్రనాభ్‌లో కదలిక వచ్చింది.

ఉత్పల ఇంటికి వచ్చింది. పూలూ పళ్ళూ తెచ్చింది. కాసేపు పాత రోజులు నెమరువేసుకున్నాక, కాగితం తీసి ఒక మాట కింద గోటితో గీసింది.

“మాస్టారూ, ‘ప్రతి నమూనా’ అని రాశారు. ఈ ‘ప్రతి’ అవసరమంటారా?”

“అది తీస్తే మీరు దూరేందుకు సందు ఏర్పడుతుంది.”

“సందు మా కోసం అడగట్లేదండి.”

“నీకు పాఠం చెప్పినవాణ్ణమ్మా నేను. ఎవరి కోసం అడుగుతున్నావో నాకు తెలీదా?”

హైమవతి కాఫీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టి, చక్కెర సరిపోయిందా అని అడిగింది. ఉత్పల ఆమె మెడ మీది పట్టీని, వేలికి ఇంకా ఉన్న ఉంగరాన్ని కాసేపు చూసింది.

“సరిపోయిందండీ,” అని, మళ్ళీ అతడి వైపు తిరిగింది. “ఇంకోసారి ఆలోచించుకోండి మాస్టారూ. ఇంట్లో కూడా అడగండి.”

“ఇంట్లో అడగవలసింది మొదటి రోజే అడిగాను.”

ఉత్పల కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు తానే వంటింట్లో పెట్టి వెళ్ళింది. ఆ పిల్ల తన గురించేమైనా అందా అని హైమవతి అడిగితే, అవన్నీ కంపెనీవాళ్ళ ఎత్తులు, నీకెందుకన్నాడు. ఒక్క రెప్పపాటు అతడి మనసులో ఏదో మెదిలింది. అంకెలే కదా అనుకున్నాడు. కోడ్ ఊరందరి దగ్గర, మోడలూ నమూనాలూ సంస్థ తాళం కింద ఉన్నంతకాలం బయటివారికి అవి నిజంగా అంకెలే. మూడింటినీ ఒకే బల్ల మీద పరచమని పట్టుబట్టిందెవరో ఆ రెప్పపాటులో అతడు ఆలోచించలేదు.

నిర్వచనం నెగ్గింది. వజ్రనాభ్ ఒక్క మధ్యాహ్నంలో అన్నీ తెరిచేసింది. ఆచార్య విశ్వపతి గారి ఉన్నత ప్రమాణాలకు తలవంచుతున్నామని ప్రకటన ఇచ్చింది. విశ్వవిద్యాలయంలో శాలువా కప్పారు. విభాగాధిపతి సైతం వచ్చి కౌగిలించుకున్నాడు. కుర్రాళ్ళు ఎర్రయ్య పట్టీని అదే వారంలో బాగుచేశారు.

ఎక్కడివాడో, పేరు కూడా ఎవరికీ తెలియని ఒకడు, సరదాకి, తెరిచిన నమూనాలను తెరిచిన మోడల్‌లో పోశాడు. గొంతు కూడా అందులోనే ఉంది. ఉంగరం గుర్తులున్నవాటిని విడిగా ఏరడం ఇంకా తేలిక. హైమవతి మింగిన మాటలన్నీ హైమవతి గొంతుతో, బస్టాండు స్పష్టతతో, బయటికి వచ్చాయి.

జనానికి ఆ గొంతు తెలుసు. అదే సరదా. ‘దయచేసి వినండి’ అని ముందు అతికించి, ఒక్కొక్క మాటా ఫోన్ల మీద పంపుకున్నారు. ఆటోల్లో వినబడింది. టీ కొట్ల దగ్గర వినబడింది. ‘ఈవిడ తెచ్చే కూర కుక్కకి పెడితే అది మనింటి కాపలా మానేస్తుంది’ అన్నదానికి ఊరు ఊరంతా నవ్వింది. కింది వాటాలో ఉండే సుభద్రమ్మ నవ్వలేదు. హైమవతి జబ్బుపడిన నాటి నుంచి పూట తప్పకుండా కూర తెచ్చింది ఆవిడే. ఆ రోజు నుంచి మెట్లెక్కలేదు.

మృణాళినికి ఆసుపత్రిలో ఎవరో వినిపించారు. డ్యూటీ మధ్యలో ఇంటికి వచ్చింది. తల్లి పెరట్లో ఉంది. తండ్రి ఎదుట నిలబడి, ఫోన్ బల్ల మీద పెట్టి నొక్కింది.

‘ముట్టుకోకే. నీ చెయ్యి పడితే ఒళ్ళు జలదరిస్తుంది. అచ్చం మీ నాయనమ్మ చెయ్యి. దాని చేతుల్లో పడేకన్నా చావనైనా చస్తాను.’

“కట్టు మార్చేటప్పటిది,” అంది మృణాళిని. “తారీఖు కూడా వేసి ఉంది. ఆ రోజు కుట్టు దగ్గర చీము పట్టింది, నాకు గుర్తు. అమ్మ నవ్వుతూ నా చెంప నిమిరింది.”

నొప్పిలో వచ్చిన మాట, అసలు మాట కాదు, ఆమె అనలేదు కదా అని విశ్వపతి చెప్పబోయాడు.

“అనలేదు నాన్నా. ఎన్నడూ అనలేదు. అమ్మ మింగేసిన మాటను నువ్వు అమ్మ చేత నన్ను అనిపించావు.”

ఆమె వెనుదిరిగేసరికి హైమవతి గుమ్మంలో ఉంది. ఎంత విన్నదో తెలియదు. పట్టీలోంచి, “మృణా…” అని ఒక్క పిలుపు వచ్చింది. కూతురు చెవులు మూసుకుంది. చిన్నప్పుడు తనను నిద్రపుచ్చిన గొంతే. అరనిమిషం క్రితం బల్ల మీద పలికినదీ అదే. మృణాళిని తల్లిని తాకకుండా, పక్కకు ఒదిగి, గుమ్మం దాటింది. తర్వాత ఆసుపత్రి హాస్టల్‌కు మారిపోయింది.

ఆ సాయంత్రం హైమవతి పట్టీ విప్పింది. గిన్నెలతో పాటు శుభ్రంగా కడిగి, గ్లాసుల వరసలో బోర్లించింది. పలక కోసం కూడా వెతకలేదు. ఉంగరం మాత్రం వేలి నుంచి రాలేదు. సబ్బు రాసినా రాలేదు.

విశ్వపతి ఉత్పలకు ఫోన్ చేశాడు. ఆ నమూనాలను తీసివేయమన్నాడు. ఆమె గొంతు పాఠం అప్పజెప్పుతున్నట్టు మృదువుగా ఉంది. ఒకసారి తెరిచినదాన్ని ఎవరూ, దాని కర్తతో సహా, తిరిగి మూయరాదు. ఆ ఫైళ్ళు తీస్తే పలుకు ఓపెన్ సోర్స్ కాకుండా పోతుంది. ఆరోగ్యశాఖ ఒప్పందం రద్దవుతుంది. ఎన్నో ఊళ్ళలో పట్టీలు మళ్ళీ మూగపోతాయి. అయినా ఈపాటికి ఎన్ని యంత్రాల్లో ఎన్ని నకళ్ళున్నాయో ఎవరికి తెలుసు?

“నీకు ముందే తెలుసా?”

“మీ ఇంట్లో కాఫీ తాగినప్పుడే తెలుసండి. ఆ ఫైళ్ళు మూసి ఉంచడానికి మా దగ్గరున్న మంచి కారణం అమ్మగారే. ఆ కారణం బయటికి చెప్పాలంటే వాటిలో ఏముందో చెప్పాలి. చెప్పమంటారా మాస్టారూ, మండలి ముందు?”

అతడు ఫోన్ పెట్టేశాడు. ఇన్నాళ్ళూ దొంగలని తిట్టినవారు తన ఇంటి తలుపుకు కాపలా కాసినవారనీ, గొళ్ళెం తీసింది తన చెయ్యేననీ అనుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు.

రెండు రోజులకు ఎర్రయ్య వచ్చాడు, సజ్జలో వంజరం చేపతో. ఆ ఇంట్లో చేప వండరన్న సంగతి సంతోషంలో మరిచిపోయాడు. పట్టీ గలగలా మాట్లాడుతోంది.

“పంతులు గారూ, మీ దయ. తెల్లారగట్ల రేవంతా అదిరిపోయేలాగ పాడినానండి.” తర్వాత గుమ్మంలో నిలబడ్డ హైమవతికి దండం పెట్టాడు. “అమ్మగారూ, మీ మాటలు మా బోట్ల మీద అందరూ ఇంటన్నారండి. ఆ కూర మాట ఉంది సూడండి, నవ్వలేక కడుపు సెక్కలైపోనాది.”

హైమవతి చిరునవ్వు నవ్వి చేతులు జోడించింది. ఎర్రయ్యకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతడు తాగి, మళ్ళీ దండం పెట్టి, దారి పొడవునా వేలం కూతలు కూసుకుంటూ వెళ్ళాడు. ఆ కూతల్లో ఒక్క తప్పు మాట లేదు. ఎక్కడ ఆగాలో ఆ పట్టీకి బాగా తెలుసు. హైమవతి దగ్గర నేర్చుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ప్రయోగశాలలో విద్యార్థులెవరూ లేరు. విశ్వపతి గోడ మీది గీత ఎదుట కూర్చుని ఉన్నాడు. ఊరంతా విన్నది. రేవు విన్నది. తాను ఒక్కడే వినలేదు. ఎవరి కోసం ఇంకా ఈ వ్రతం? మొదటి నమూనాను తీసి మోడల్‌లో వేశాడు. జనం దాన్ని పట్టించుకోలేదు. అందులో నవ్వుకోవడానికి ఏమీ లేదు కాబోలు.

గీత తెర మీద లేచి, వంగి, కుంగింది. స్పీకర్‌లోంచి హైమవతి గొంతు, ఏ తడబాటూ లేకుండా, పలికింది.

‘వద్దండీ.’

అంతే. అతడు మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే. బంగారు రంగులో ప్రతి పెట్టె మీదా ఉన్నది అదే. లోకంలోని పట్టీలన్నీ మౌనమంటే ఏమిటో మొట్టమొదట నేర్చుకున్నదీ దాని నుంచే. ఆ రోజు ఆమె ముఖం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించాడు. గుర్తుకు వచ్చింది తెర ఒక్కటే.

వెనక క్యారేజీ గిన్నెలు చిన్నగా తగిలిన చప్పుడు. హైమవతి తలుపు దగ్గర నిలబడి ఉంది. అలవాటు ప్రకారం అన్నం తెచ్చింది. విన్నది. వినలేదని అనుకోవడానికి వీల్లేనంత దగ్గరగా ఉంది.

విశ్వపతి లేచాడు. ఏదో ఒకటి చెయ్యాలి. గోడ దగ్గరకు వెళ్ళి పటం మీద చెయ్యి వేశాడు.

“ఇది తీసేస్తాను, హైమా. ఇక ఎవరికీ చూపించను. నీకు ఇష్టమేనా?”

హైమవతి తల ఊపింది.

ఈసారి అతడు ఆమె వైపే చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ పట్టీ ఉన్న చోట మెడ చుట్టూ చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. ఆ తెలుపు కింద ఏదో చిన్నగా లేచి, శిఖరం చేరబోతూ, కుంగింది. ఉంగరం మీద ఆమె బొటనవేలు ఒకసారి నొక్కుకుంది.